బాహుదా తీరాన దండనీతి

కాణిపాక క్షేత్రంలో వరసిద్ధి వినాయకుని దర్శించుకొన్న భక్తులు ఆలయం చెంతనే ఉన్న బాహుదా నదిని చూచే ఉంటారు. ఆ నదికి ఆ పేరు ఎలా వచ్చినదో అక్కడి స్థలపురాణం చెబుతుంది. శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ములు స్వామి దర్శనానికి వస్తుండగా లిఖితునికి ఆకలి వేసినది. అన్న వారిస్తున్నా వినక, దారిలోని తోటలో మామిడిపండు కోసుకొని తిన్నాడు. పరుల సొత్తు అపహరించినందుకు రాజు అతని చేతులు నరికించాడు. ఆ నదిలో మునిగి లేచేసరికి అతని చేతులు తిరిగి వచ్చాయి. బాహువులను ప్రసాదించినది కనుక అది బాహుద అయినది.

ఈ కథను నేను మా ఊరి ఆలయ మండపంలో ఎన్నో ఏళ్లుగా పురాణ కాలక్షేపంలో చెబుతూ వచ్చాను. నది మహిమను, సత్యనిష్ఠను వివరించి, మంగళం పాడి లేచేవాడిని. నేరం చేసినవాని దేహాన్ని దండించడం ధర్మమా, అతనిని చెరలో ఉంచడం ధర్మమా అనే ప్రశ్న ఈ కథలో దాగి ఉన్నదని మాత్రం చాలకాలం గ్రహించలేదు. ఆ ప్రశ్నను నా ముందు నిలబెట్టినది ఒక తల్లి. ఆ సంగతి తరువాత మనవి చేస్తాను. ముందుగా కథను మహాభారతం చెప్పిన తీరులో చూద్దాం.

శాంతిపర్వంలోని శంఖలిఖితులు

యుద్ధానంతరం రాజ్యమే వద్దని విలపిస్తున్న ధర్మరాజుకు వ్యాసమహర్షి ఈ కథ చెబుతాడు. శంఖలిఖితులు బాహుదా తీరంలో వేరువేరు ఆశ్రమాలలో ఉండేవారు. అన్న లేని సమయంలో లిఖితుడు అన్నగారి ఆశ్రమానికి వచ్చి, అక్కడి చెట్ల పండ్లు కోసుకొని తిన్నాడు. శంఖుడు వచ్చి చూచి, ఇవ్వనిదానిని తీసుకోవడం దొంగతనమే కనుక రాజు వద్దకు వెళ్లి, తప్పు ఒప్పుకొని, శిక్ష అడగమన్నాడు. తోట పరాయివారిది కాదు, తోడబుట్టినవానిది. అయినా లిఖితుడు వాదించలేదు.

సుద్యుమ్న మహారాజు ఆ తపస్వికి ఎదురేగి స్వాగతం పలికాడు. విషయం విని, దండించే అధికారం ఉన్న రాజుకు క్షమించే అధికారమూ ఉన్నది కదా అని, మరేదైనా కోరుకొమ్మన్నాడు. లిఖితుడు శిక్ష తప్ప మరేదీ వద్దన్నాడు. గత్యంతరం లేక రాజు అతని చేతులు ఖండింపజేశాడు. లిఖితుడు ఆ స్థితిలోనే అన్న వద్దకు వచ్చి మన్నించమని వేడుకొన్నాడు. నాకు నీమీద కోపం లేదు, నదిలో దిగి దేవర్షిపితృతర్పణం చెయ్యి అన్నాడు శంఖుడు. అర్ఘ్యం ఇవ్వబోగానే పద్మాల వంటి చేతులు మొలిచాయి. ఇంత తపశ్శక్తి ఉండగా ముందే నన్ను శుద్ధుని చేయలేదేమని తమ్ముడు అడిగాడు. నిన్ను దండించే అధికారం నాది కాదు, రాజుది అని అన్న బదులిచ్చాడు.

ఈ కథలో నాలుగు సంగతులు గమనించదగినవి. తప్పు చేసినవాడు తానే ఒప్పుకొన్నాడు. శిక్షించేవాడు అధికారం ఉన్నవాడే గాని, నష్టపోయినవాడు కాడు. శిక్షించేవాడు వెనుకాడాడు, ఉత్సాహపడలేదు. శిక్ష ముగిసిన క్షణమే అన్న తమ్ముని అక్కున చేర్చుకొన్నాడు. ఈ నాలుగింటిలో ఏది లోపించినా దండన ధర్మమనే పేరుకు తగదని నా విశ్వాసం.

మా ఆలయంలో జరిగినది

కొన్నేళ్ల క్రిందట ఒక వేకువన మా ఆలయంలో రెండు ఇత్తడి కుందులు, ఒక గంట కనిపించలేదు. సుప్రభాతానికి వచ్చిన యువకులు వాటిని గోనెసంచిలో మోసుకుపోతున్న ఒక కూలివానిని చెరువుగట్టున పట్టుకొన్నారు. నేను వెళ్లేసరికి అతనిని మండప స్తంభానికి కట్టి బెల్టులతో కొడుతున్నారు. స్వామి సొమ్ము ముట్టుకొన్నాడన్న కోపం వారిది. భక్తి ఎక్కువై చేసిన పని కనుక అందులో తప్పు ఉన్నదని ఒక్కరికీ తోచలేదు. కొడుతున్నవారిలో నా శిష్యులూ ఉన్నారు.

నేను అడ్డుపడి ఆపాను. చట్టం ఉన్నది, పోలీసులకు అప్పగించండి అన్నాను. అప్పగించారు. ఆ రాత్రి నేను ధర్మం నిలబెట్టానన్న తృప్తితో నిద్రపోయాను.

ఎనిమిది నెలల తరువాత, కార్తిక సోమవారం నాడు, దీపాలు పెట్టే సమయంలో ఒక వృద్ధురాలు నా ఎదుట నిలబడినది. అతని తల్లి.

"పంతులుగారూ, ఆ రోజు మా వాణ్ణి మీరే విడిపించారంట గదా. ఇంకో నాలుగు దెబ్బలు వేసి ఇంటికి పంపినా బాగుండేది, బాబూ" అన్నది.

అప్పటికి అతనికి బెయిలు మంజూరై చాలకాలమైనది. జామీను నిలబడేవారు ఇద్దరు కావలెనన్నారు. కూలివానికి, అందులోనూ గుడిలో దొంగిలించినవానికి, జామీను ఎవరుంటారు? అతడు ఇంకా జైలులోనే ఉన్నాడు. భార్య పిల్లలను తీసుకొని పుట్టింటికి వెళ్లినది. పెద్దపిల్ల బడి మానినది. ఇవేవీ నాకు తెలియవు. తెలుసుకొనే ప్రయత్నం చేయలేదు. పోలీసుల వాహనం వీధి మలుపు తిరగగానే నా బాధ్యత తీరినదనుకొన్నాను.

దెబ్బ మేలా, చెర మేలా?

ఆ తల్లి మాట అజ్ఞానంతో అన్నది కాదు. అదే మాటను చదువుకొన్నవారూ అన్నారు. పీటర్ మాస్కస్ అనే అమెరికా ఆచార్యుడు, గతంలో బాల్టిమోర్ నగరంలో పోలీసుగా పనిచేసినవాడు, 2011లో ఒక గ్రంథం వెలువరించాడు. ఐదేళ్ల జైలా, పది కొరడాదెబ్బలా, ఏది కోరుకొంటావని అడిగితే మీరు ఏది ఎంచుకొంటారని పాఠకులను ప్రశ్నించాడు. చాలమంది దెబ్బలనే ఎంచుకొంటారని ఆయన తలంపు. అలాగైతే మనం నాగరికమనుకొనే చెరసాల, అనాగరికమనుకొనే కొరడా కంటె క్రూరమైనదే కదా అన్నది ఆయన వాదం.

ఈ వాదంలోని బలాన్ని నిజాయితీగా ఒప్పుకోవలసి ఉన్నది. దెబ్బ కొద్దిసేపటిలో ముగుస్తుంది, చెర సంవత్సరాలను మింగుతుంది. దెబ్బ నేరస్థునికే తగులుతుంది, చెర అతని ఆలుబిడ్డలకూ తగులుతుంది. దెబ్బ కొట్టేవానికీ చూచేవానికీ కనబడుతుంది, చెర గోడల వెనుక జరుగుతుంది కనుక మన మనస్సును కలవరపెట్టదు. ఈ మూడవది నాకు సూటిగా తగిలినది. బెల్టుదెబ్బలు చూడలేక అడ్డుపడిన నేను, కనబడని ఎనిమిది నెలలకు అడ్డుపడలేదు.

అయినా ఈ వాదం నన్ను పూర్తిగా ఒప్పించలేదు. మరునాడే నేను, ఆలయ ధర్మకర్తలలో ఒకరు కలిసి అతనికి జామీను నిలబడ్డాం. బయటికి వచ్చిన తరువాత అతనిని అడిగాను, మీ అమ్మ అన్నమాట నిజమేనా అని. అతడు చాలసేపు మాట్లాడలేదు.

"వీపు మీది దెబ్బలు వారంలో మానినాయండి. కానీ ఆ స్తంభం దగ్గరికొస్తే ఇప్పటికీ కాళ్లు వణుకుతాయి. కొట్టినోళ్లు అంతా మా ఊరోళ్లేనండి" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైనది. దెబ్బ కొద్దిసేపటిలో ముగుస్తుందనేది కొట్టేవాని లెక్క. పడినవాని లెక్క వేరు. లిఖితుడు తానుగా వెళ్లి శిక్షను అడిగి పుచ్చుకొన్నాడు. స్తంభానికి కట్టబడినవానికి అది ప్రాయశ్చిత్తం కాలేదు, అవమానం మాత్రమే అయినది. కొట్టినవారు సుద్యుమ్నులు కారు. ఆ ఉదయం వారి ముఖాలలో వెనుకాడిన జాడ నాకు కనబడలేదు. దేహదండన పడేవానిని ఎంత మారుస్తుందో చెప్పలేను గాని, కొట్టేవానిని మాత్రం తప్పక మారుస్తుంది.

మరొక సంగతి. నరికిన చేయి తిరిగి రావడానికి బాహుద కావాలి, శంఖుని తపస్సు కావాలి. న్యాయాధిపతి పొరబడితే, జైలులో ఉన్నవానిని రేపు విడిచిపెట్టవచ్చు. పోయిన రోజులు తిరిగి రాకపోయినా మిగిలిన రోజులు దక్కుతాయి. దేహానికి చేసిన హాని వెనుకకు తీసుకోలేనిది.

పైగా, కొరడా ఏ కాలంలోనూ అందరి వీపులనూ సమానంగా చూడలేదు. మన స్మృతులలోనే ఒకే నేరానికి పుట్టుకను బట్టి శిక్షలు మారాయి. ఆ భాగాలను కప్పిపుచ్చి స్మృతులను కీర్తించడం సత్యానికి తగదు. ఆంగ్లేయులు మన దేశంలో 1864లో కొరడా శిక్షకు ప్రత్యేక చట్టం చేశారు, 1909లో దానిని మరల రూపొందించారు. స్వతంత్ర భారతం 1955లో ఆ శిక్షను రద్దు చేసినది. ఆ నిర్ణయాన్ని నేను ధర్మసమ్మతమైనదిగానే భావిస్తున్నాను.

సత్యవంతుని మాట

మన పూర్వులు ఈ విషయంలో ఏకాభిప్రాయంతో లేరు. మనుస్మృతి వాగ్దండం, ధిగ్దండం, ధనదండం, వధదండం అని నాలుగు మెట్లు చెప్పినది. ముందు మాటతో మందలించాలి, తరువాత తీవ్రంగా నిందించాలి, తరువాత జరిమానా వేయాలి, దేహదండన అన్నిటికంటె చివరిది. రాజు చేత దండింపబడినవాడు పాపం తొలగి, పుణ్యాత్ముల వలెనే స్వర్గానికి పోతాడని కూడ ఆ స్మృతి చెప్పినది. శిక్ష తీరిన తరువాత అతనిని దొంగ అని పిలిచే హక్కు మనకు లేదని దాని తాత్పర్యం. అదే గ్రంథం చెరసాలలను రాజమార్గం ప్రక్కన, బాధపడే నేరస్థులు అందరికీ కనబడేటట్లు కట్టించమన్నది. భయం కలిగించడమే అక్కడ ఉద్దేశం.

శాంతిపర్వంలోనే మరొక సంవాదం ఉన్నది. అది ద్యుమత్సేన మహారాజుకు, ఆయన కుమారుడు సత్యవంతునికి నడుమ జరిగినది. సావిత్రి భర్తగానే మనం సత్యవంతుని ఎరుగుదుము. యముని పాశం నుండి తప్పించబడినవాడు మరణశిక్షను గూర్చి మాట్లాడిన సంగతి చాలమందికి తెలియదు. వధ్యులను తీసుకొనిపోతుండగా చూచి, చంపడం ధర్మం కాజాలదని అతడు తండ్రితో అన్నాడు. దొంగలను చంపకపోతే లోకం అల్లకల్లోలం అవుతుందని తండ్రి బదులిచ్చాడు. పూర్వం ధిక్కరిస్తే చాలేది, తరువాత మాటలతో దండించవలసి వచ్చినది, తరువాత ధనం తీసుకోవలసి వచ్చినది, ఇప్పుడు వధ తప్పడం లేదని వాపోయాడు. కాలం చెడినది కనుక శిక్షలు పెంచాలి అని నేడు మనం వినే మాట అదే.

సత్యవంతుడు ఇచ్చిన సమాధానం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఒక దొంగను చంపినప్పుడు రాజు, ఏ పాపమూ ఎరుగని అతని తల్లిదండ్రులను, భార్యను, బిడ్డలను కూడ చంపినట్లే అవుతాడు అన్నాడు. దుష్టుడు సజ్జనుని వలన శీలం నేర్చుకోవచ్చు, దుష్టునికి మంచి సంతానం కలగవచ్చు, కనుక వేరుతో పెకలించవద్దు అన్నాడు. ఇక చేయమని శరణు వేడినవానిని మొదటి తప్పుకు విడిచిపెట్టాలని, మరల మరల చేసేవానికి ఆ మన్నన లేదని కూడ చెప్పాడు. భయపెట్టడం, బంధించడం, వికృతపరచడం వంటివి అతడు వధకు బదులుగా చెప్పిన తేలిక శిక్షలు. వికృతపరచడాన్ని నేడు మనం అంగీకరించం. కాని శిక్ష వేసే ముందు అతని ఇంటివారిని తలచుకొనుమన్న ఉపదేశం జైలుశిక్షకు కూడ వర్తిస్తుంది. కార్తిక సోమవారం నాడు ఆ తల్లి నన్ను అడిగినదీ అదే.

గోల్కొండ చెరసాల

చెర ఎంత భయంకరం కాగలదో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. భద్రాచల రామాలయాన్ని నిర్మించిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారు. ప్రభుత్వానికి చేరవలసిన శిస్తును ఆలయానికి వెచ్చించాడన్న అభియోగంపై తానీషా ఆయనను గోల్కొండ కోటలో నిర్బంధించాడు. చెర పన్నెండేళ్లు సాగినదని సంప్రదాయం చెబుతుంది. నేటికీ కోటకు వెళ్లినవారు రామదాసు బందిఖానా చూచి కన్నీరు పెట్టుకొంటారు.

రామదాసు దెబ్బలూ తిన్నాడు, చెరనూ అనుభవించాడు. దెబ్బల బాధకు తాళలేక రాముని నిష్ఠురాలాడి, ఆ తరువాత అలా తిట్టినందుకు నొచ్చుకొన్న కీర్తన మనమందరం విన్నదే. దేహదండన ఒక పరమభక్తుని నోటి వెంట కూడ దైవనింద పలికించగలిగినది. అంతులేని చెర అంతటివానిని కూడ నిరాశ అంచుకు తీసుకొనిపోయినది. మహాభక్తుని గతి అదైతే, ఇత్తడి కుందులు దొంగిలించిన కూలివాని గతి ఏమిటో మనం ఊహించుకోవచ్చు.

దాతలు గమనించవలసిన సూక్ష్మం కూడ ఇక్కడ ఉన్నది. శ్రీరాముడు రామోజీ, లక్ష్మోజీ రూపాలలో వచ్చి తానీషాకు సొమ్ము చెల్లించి, రసీదు తీసుకొన్నాడని కథ. స్వామి గోడ కూల్చి భక్తుని విడిపించలేదు. బాకీ తీర్చి విడిపించాడు. చట్టాన్ని గౌరవించి, చెరలోనివాని పక్షాన నిలబడడం ఎలాగో స్వామియే చూపించాడు.

చెరలోనివారి పట్ల దయ

చెరసాలలో ఉన్నవారి పట్ల రాజ్యానికి బాధ్యత ఉన్నదనే భావన మనకు కొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుని శాసనాలు ఉన్నాయి. బందీలలో బిడ్డలు గలవారిని, వృద్ధులను గుర్తించి వారి సహాయానికి, విడుదలకు ధర్మమహామాత్రులు పాటుపడాలని ఆయన ఆదేశించాడు. పట్టాభిషేకమైన 26 ఏళ్లలో 25 పర్యాయాలు బందీలను విడుదల చేసినట్లు ఒక స్తంభశాసనంలో చెప్పుకొన్నాడు. మరణశిక్ష పడినవారికి మూడు దినాల గడువు ఇచ్చాడు.

కౌటిల్యుని కఠినునిగానే తలుస్తాం. కాని తీక్ష్ణదండం ప్రజలను భయకంపితులను చేస్తుందని, మృదుదండం రాజును చులకన చేస్తుందని, తగిన దండమే పూజ్యమని ఆయన అన్నాడు. రాజు జన్మనక్షత్రం నాడు, పౌర్ణమి నాడు బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను చెర నుండి విడిచిపెట్టమన్నాడు. పుణ్యశీలులైనవారు బందీల పక్షాన నిష్క్రయధనం చెల్లించవచ్చునని కూడ అర్థశాస్త్రంలో ఉన్నది. బందీలను హింసించే అధికారులకు జరిమానా విధించినది.

నేటి న్యాయస్థానాలూ ఈ దారిలో నడిచాయి. 1977లో ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్లిన ఒక మోసం కేసులో, జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, శిక్ష లక్ష్యం మనిషిని బాగుచేయడమేనని చెప్పి, శిక్షాకాలం తగ్గించి, ఆ ఖైదీకి తగిన పని ఇవ్వమని ఆదేశించినది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, చిన్న నేరాలకు సమాజసేవను శిక్షగా చేర్చినది. దానితోపాటు వచ్చిన నాగరిక సురక్షా సంహిత, తొలిసారి కేసులో చిక్కుకొన్న విచారణ ఖైదీ గరిష్ఠశిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే, తీవ్రనేరాలలో తప్ప, పూచీకత్తుపై విడిచిపెట్టవలెనన్నది. మన దేశపు జైళ్లలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలే. ఇది మనం మరువరాని విషయం.

కనుక దెబ్బ మేలా, చెర మేలా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. దెబ్బ తగదు. హింసకులను, మరల మరల ఇతరులకు హాని చేసేవారిని ప్రజారక్షణకై నిర్బంధించక తప్పదు. కాని చెర దెబ్బకంటె దయగలది అని నిశ్చింతగా ఉండే హక్కు మనకు లేదు. దానిని దయగలదిగా చేయవలసినవారం మనమే.

భక్తులు చేయదగినవి

ఆలయంలో గాని, ఉత్సవాలలో గాని ఎవరైనా దొంగతనం చేస్తూ పట్టుబడితే చేయి చేసుకోవద్దు. శంఖుడు సొంత తమ్ముని విషయంలోనే ఆ అధికారం తనది కాదన్నాడు. అప్పగించిన తరువాత అతని సంగతి కనుక్కోండి. పేదలకు ఉచిత న్యాయసహాయం అందించే న్యాయసేవాధికార సంస్థ ప్రతి జిల్లాలో ఉన్నది. జరిమానా, జామీను కట్టలేని పేద ఖైదీలకు తోడ్పడే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించినది. ఈ సంగతులు వారి ఇంటివారికి తెలియవు. తెలియజెప్పడం కూడ దానమే. అన్నదానం చేసే దాతలు, చెరలో ఉన్నవారి బిడ్డల చదువును కూడ తలచుకొంటే, అది స్వామికి ప్రీతికరమైన నైవేద్యం. శిక్ష ముగించుకొని వచ్చినవానికి పని ఇవ్వడం అన్నిటికంటె పెద్ద సేవ.

అతని కేసులో నేరం ఒప్పుకొన్నందున, గడిపిన కాలమే శిక్షగా న్యాయస్థానం తీర్పు చెప్పినది. మా గోశాలలో అతనికి పని ఇవ్వాలని నేను ప్రతిపాదించినప్పుడు కొందరు ఒప్పుకోలేదు. స్వామి సొమ్ము ముట్టినవానిని మరల స్వామి సన్నిధికా అన్నారు. ఒక దాత చందా కూడ మానుకొన్నారు. ఆయన కోపాన్ని నేను తప్పుపట్టను, ఆయన భక్తి నిజమైనది. కాని చేతులు తిరిగి వచ్చిన లిఖితుడు తర్పణం చేసినది ఆ చేతులతోనే కదా అని మాత్రం ధర్మకర్తలకు మనవి చేశాను. చివరకు ఒప్పుకొన్నారు.

అతడు ఇప్పుడు గోశాలలో గడ్డి వేస్తున్నాడు. దర్శనానికి వచ్చినప్పుడు ఆ స్తంభాన్ని తప్పించుకొని, ఉత్తర ద్వారం గుండా వస్తాడు. నేను ఏమీ అనను. గత కార్తికంలో అతని తల్లి దీపం పెట్టుకొని వెళ్తూ నా వైపు చూచి చేతులు జోడించినది. నేనే ముందు జోడించవలసినవాడిని.

బాహుద అందరికీ చేతులు మొలిపించదు. పడినవానికి మన చేయి అందించగలం. ఆ బుద్ధిని ఆ వరసిద్ధి వినాయకుడు మనందరికీ అనుగ్రహించుగాక.

శుభం భూయాత్.